పూజ నాడు పరీక్ష గదిలో మగ్గం చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. మీటరు చూపించనిది లేనట్టే అనుకునే మనిషిని. ఇప్పటికీ అంతే, ఈ ఒక్కటి తప్ప.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. నేను అనంతపురం దగ్గర ఒక చిన్న కంపెనీలో ఎలక్ట్రిక్ బస్సుల ఇన్వర్టర్లు డిజైన్ చేస్తాను. బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే పెట్టె అది. అందులో కరెంటును కాసేపు దాచిపెట్టే కెపాసిటర్లను కలిపే రాగి రేకులు నా డిజైనే. ప్లస్ రేకు, మైనస్ రేకు, మధ్యలో పల్చటి ఇన్సులేషన్ పొర. రేకులు ఎంత దగ్గరగా ఉంటే, స్విచ్ పడినప్పుడు వోల్టేజ్ అంత తక్కువగా ఎగురుతుంది. మరీ ఎగిరితే పెట్టె పేలుతుంది.

ఆ రేకులు బయటి నుంచి కొందామని మా పెద్దసారు అంటే, మనమే చేద్దామని పట్టుబట్టింది నేనే. తొలి పెట్టె పేలిందంటే నా రేకులు మూలన పడ్డట్టే.

ఆయుధ పూజ నాడు యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి, ఒక్కసారైనా నడిపించడం మా దగ్గర ఆనవాయితీ. ఈసారి నడిపించాల్సింది ఆ తొలి పెట్టెనే. ఫిట్టర్ ఓబులేసు దానికి పూజ చేసి మూత బిగించాడు. మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళారు. మధ్యాహ్నం పరీక్ష గదిలో ఇద్దరమే ఉన్నాం. బటన్ మీద వేలు పెట్టాను.

తలుపు అవతల మగ్గం చప్పుడు. నాయన నేత దెబ్బ నాకు తెలీకపోవడమేమిటి! కాసేపు ఆడి, ఠక్కున ఆగిపోయింది. మా ఇంట్లో అలా ఆగిందంటే పోగు తెగినట్టు. నాయన పోయి చాన్నాళ్ళైంది.

నా వేలు దానంతటదే వెనక్కొచ్చింది.

"అక్కా, ఈడ మగ్గం యాడుండాది?" అన్నాడు ఓబులేసు.

వెళ్ళి చూస్తే ఎండిన వేరుశెనగ చేలు తప్ప ఏమీ లేవు. ఎందుకో మూత తీయమన్నాను. ప్లస్, మైనస్ బోల్టుల మధ్యకు తడి పసుపు జారి ఉంది.

"గుండె లాంటి జాగా గదాని ఆడ గూడా బొట్టు పెట్టినానక్కా," అన్నాడు, మొహం పాలిపోయి.

కరెంటు ఇచ్చి ఉంటే రేకులే కాదు, మేమూ మిగిలేవాళ్ళం కాదేమో. శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, అన్నీ కొలిచి నడిపించాం. తెర మీద వోల్టేజ్ గీత మేం అనుకున్నదానికంటే నిలకడగా వచ్చింది. గర్వంతో ఏడ్చేశాను. ఇప్పుడు రాయదుర్గం రోడ్డు మీద ఆ పెట్టె బిగించిన బస్సు ఎదురైతే, అందులో ఉన్నవి నా రేకులేనని పక్కవాళ్ళకు చెప్పకుండా ఉండలేను.

ప్రతి పరీక్షనూ ఫోనులో వీడియో తీయడం మాకు అలవాటు. ఆ వీడియోలో గీత వచ్చిన భాగం అందరికీ చూపిస్తుంటాను. ముందు భాగం ఒక్కదాన్నే చూసుకుంటాను. అందులో ఫ్యాను రొద తప్ప ఏ చప్పుడూ లేదు. కానీ నేనూ ఓబులేసూ ఇద్దరమూ ఒక్కసారే తల తిప్పి తలుపు వైపు చూస్తాం.