చేతుల మీద కూర్చున్న తల్లి

నలభై మూడేళ్లకు టైలరమ్మ కడుపు పండింది. ఆ సంబరం తీరకముందే, బిడ్డ మూడు నెలలు ముందుగా బయటికి వచ్చేసింది. గాజుపెట్టెలో గుప్పెడంత ప్రాణం. తండ్రి 'పిసరు' అని పిలిచాడు, ఆ పేరే ఉండిపోయింది.

కుండకు మూకుడుంది గాని లోకం నోటికి లేదు. "ఆ వయసులో కంటే ఇంతే మరి" అని సొంత ఆడపడుచే అనేసింది. కుట్టు చెడితే బట్టను తిట్టి ఏం లాభం, తప్పు కుట్టిన చేతిదేనని నమ్మే మనిషి టైలరమ్మ. ఇక్కడా తప్పు తనదేననుకుంది. ఆ భయంతో బిడ్డను కాలు కింద పెట్టనివ్వలేదు. పిసరు వేలు చూపిస్తే చాలు, బొమ్మయినా దువ్వెనయినా చేతికొచ్చేది. మహారాణులకు కూడా అంత సేవ జరిగి ఉండదు.

రెండేళ్లు దాటాయి. నడక లేదు, మాట లేదు. ఎదుగుదల పరీక్షకు పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"నా వయసు వల్లేనా మేడం?" కూర్చోకముందే అడిగేసింది.

"వయసొక్కటే ఏదీ తేల్చదమ్మా. పాప మరీ ముందు పుట్టింది, దాని ప్రభావమే ఎక్కువ. చూద్దాం ఉండండి."

డాక్టరమ్మ చాప మీద చెక్కముక్కలు పెట్టింది. పిసరు వేలు చూపించింది, టైలరమ్మ అందించింది. మళ్లీ వేలు, మళ్లీ చేతికి చెక్కముక్క.

"పరీక్ష పాపకా, మీకా?" అని నవ్వింది డాక్టరమ్మ. "కాసేపు మీ చేతుల మీద కూర్చోండి."

కూర్చుంది. పిసరు వేలు చూపించింది. ఎవరూ కదల్లేదు. పెదవి వణికింది, ఏడుపు మొదలైంది. టైలరమ్మ సగం లేవబోయింది.

"ఎత్తుకోనా?"

"వద్దమ్మా."

పిసరు కుర్చీకాలు పట్టుకుని లేచింది. ఒక అడుగు వేసి చతికిలబడింది. మళ్లీ లేచి, తూలుతూ వచ్చి, తల్లి చేతిని కిందనుంచి లాగి చెక్కముక్కల వైపు తోసింది. నడిచి వచ్చింది పని చేయించుకోవడానికే! టైలరమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

"మాటలకు ఇంకా టైం పడుతుంది, వస్తూ ఉండాలి" అంది డాక్టరమ్మ.

తిరిగి వెళ్లేటప్పుడు టైలరమ్మ బిడ్డను నేలకు దించి వేలు అందించింది. గేటు దాకా రావడానికి చాలాసేపు పట్టింది.

"పాపం, మనవరాల్ని ఎత్తుకోవచ్చుగా పెద్దమ్మా?" అన్నారెవరో.

"నా కూతురండీ," అంది టైలరమ్మ. "నడుస్తోంది."