పొంగిన నేరేడు సిరప్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, నేరేడు పండ్ల కాలంలో, నన్ను కాకినాడ ఆఫీసు నుంచి కడియం పక్కన ఒక ఊరికి శిక్షణ డ్యూటీ మీద పంపారు. పండ్ల నిల్వ పద్ధతులు నేర్పే ఇన్‌స్ట్రక్టర్ని నేను. హోదా గుమాస్తాకి కాస్త పైన, పని మాత్రం పొయ్యి దగ్గర.

శిక్షణకు వచ్చినవాళ్లంతా మొక్కల నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్లు. వాళ్ల చర్చి హాల్లోనే వంట. గ్రూపు లీడర్ మరియమ్మ గారు. ఆమె కూతురు సునీతకు వారంలో పెళ్లి. కొన్న కూల్‌డ్రింకులు మానేసి, మేం నేర్పిన నేరేడు సిరప్‌నే చల్లటి నీళ్లలో కలిపి ఇద్దామని, ఐస్‌క్రీమ్ మీదా అదే పోద్దామని గ్రూపంతా ఒప్పుకున్నారు. ఇంటి తయారీలో సరుకు చెడకుండా ఉంచే నిల్వ మందు వేయం. లీటరు రసానికి కిలోంపావు పంచదార పడాలి, ఆ చిక్కదనమే సిరప్‌ని కాపాడుతుంది.

గ్రూపువాళ్లు కాచి సీసాలకెత్తిన సిరప్‌ని పెళ్లికి ముందురోజు పొద్దున్నే చూడ్డానికి వెళ్లాను. ఒక సీసా మూత తిప్పగానే బుస్సుమని నురగ పొంగింది. రెండోదీ అంతే. నా బ్యాగులో రిఫ్రాక్టోమీటరు ఉంటుంది. అద్దం మీద చుక్క వేసి కంటి దగ్గర పెట్టుకుంటే ఎంత పంచదార ఉందో అంకెల్లో చూపే చిన్న గొట్టం. సిరప్‌కి అరవై అయిదు దాటాలి. యాభై కూడా చూపలేదు.

“ఓ పొంగు రానిచ్చి వడగట్టేస్తే సరిపోదాండీ?” అన్నారు మరియమ్మ గారు.

పులిసిన సరుకు పెళ్లిలో పిల్లలూ పెద్దలూ తాగేది, ఒప్పుకోలేనన్నాను. అన్నానే గానీ కుర్చీలో కూర్చోలేకపోయాను. బయట వాన. రేపు పొద్దున్నకల్లా పిఠాపురం నుంచి పెళ్లికొడుకు వాళ్లు దిగుతారు. శిక్షణ ముగిసినట్టు రిపోర్టు పంపమని ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. హాలు ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ, పంచదార ఎవరు తూచారని అడిగాను.

చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళితే సునీత వెనకే వచ్చింది.

“నేనే తగ్గించానండి. మావయ్య గారికి, అదే పెళ్లికొడుకు నాన్నగారికి, సుగరండి. అందరూ తాగుతుంటే ఆయనొక్కరూ ఊరికే కూర్చోవాల్సొస్తుందని...”

పంచదార తగ్గితే తీపితో పాటు కాపలా కూడా తగ్గుతుందని చెప్పాను. ఆయన సంగతి విడిగా చూద్దాం, ముందు మీ అమ్మకు నువ్వే చెప్పమన్నాను. చెప్పింది. మరియమ్మ గారు సంచీ అందుకుని, “పదండి, బజారుకెళ్దాం,” అన్నారు.

సీసాలన్నీ కాలవలో ఒంపించి, ఇద్దరం ఆటోలో రాజమండ్రి వెళ్లాం. వానకి నేరేడు ఎక్కడా దొరకలేదు. పైనాపిల్ దొరికింది.  దారంతా నాకు ఆటో నడవడం లేదనిపించింది. హాల్లో మళ్లీ రెండు పొయ్యిలు వెలిగించాం. రసం తీసి వడగట్టి, పంచదార నా కళ్ల ముందే తూయించి, నిమ్మరసం కలిపి కాచాం. ప్రతి గిన్నె నుంచీ చుక్క తీసి చూశాను. దీపాలు పెట్టే వేళకు సీసాలు నిండాయి. అయినా వచ్చేముందు మరో రెండు సీసాల్లో చుక్క చూస్తే గానీ ఆటో ఎక్కలేకపోయాను.

మర్నాడు పెళ్లిలో సునీత మామగారికి నిమ్మరసం, ఉప్పు, పుదీనా కలిపిన గ్లాసు ఇచ్చారు. అందరి గ్లాసుల్లోనూ పసుపు రంగు, ఆయన దాంట్లో లేదు. ఆయన గ్లాసు పైకెత్తి చూసి ఇదేంటని అడిగారు. సునీత తలొంచుకుని ఉన్న సంగతి చెప్పింది, పారబోసిన సీసాలతో సహా. ట్రే పట్టుకున్న మరియమ్మ గారు గ్లాసులు అందించడం ఆపేశారు.

ఆయన గ్లాసు ఖాళీ చేశారు. “పెళ్లికొడుకు తండ్రికి ఉప్పు నీళ్లిచ్చారేంటని మావాళ్లు అడుగుతారు. నేనే అడిగి తాగానని చెబుతాలేమ్మా,” అని, ఇంకో గ్లాసు తెమ్మన్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కొలతలు చెప్పే ముందు ఇది తాగేదెవరని అడిగేదాన్ని. షుగర్ ఉన్నవాళ్లకి ఇవ్వదగిన పానీయం కూడా అదే పూట నేర్పేదాన్ని. కొలత మార్చేవాళ్లు చాలాసార్లు ఒక మనిషిని మనసులో పెట్టుకుని మారుస్తారు. ఆ మనిషికి వేరే దారి చూపితే, కొలతను ఎవరూ ముట్టుకోరు.