పిన్ని చెప్పకుండా మిగిలిన ఊరు

మా పిన్ని పోయిన కబురు నాకు యూనివర్సిటీ ల్యాబ్‌లో తెలిసింది. ఫోన్ చేసింది బాబాయి. "మీ పిన్ని ఇంక లేదమ్మా. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేస్తన్నాం" అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. బల్ల మీద ఆ ఉదయం నేను ఊరి నుంచి పట్టుకొచ్చిన నీళ్ల సీసాలున్నాయి. నీళ్లలో క్రిములున్నాయో లేదో చూసే పరీక్ష అదే రోజు మొదలుపెట్టాలి, మర్నాటికి ఆ నీళ్లు పనికిరావు. ఏడుస్తూనే మొదలుపెట్టాను. అది అయ్యాకే రాజ్‌కిశోర్ నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. మధ్యలో వదిలేసి వెళ్లుంటే ఆవిడ లేచి కూర్చుని మరీ తిట్టేదని ఇప్పటికీ నా నమ్మకం.

రక్తసంబంధం కాదు మాది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా అమ్మా ఆవిడా పక్కపక్క ఇళ్లలో పెరిగారు. వాళ్ల నాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైలింజన్ల షెడ్‌లో డ్యూటీ చేసినవాళ్లు. పిన్ని చదువుకుని కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయింది. ఎమ్మెస్సీ అయ్యాక నేను ఆవిడ దగ్గరే రీసెర్చ్ అసిస్టెంటుగా చేరాను. బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో తాగే నీళ్లు ఎలా ఉన్నాయో చూడటం మా ప్రాజెక్టు. చేరిన రోజే తేల్చి చెప్పింది. "స్కూటరెక్కితే పిన్నిని, దిగితే మేడమ్‌ని. రెండు సోట్లా పని మాత్రం ఒక్కలాగే సేయిస్తాను, సూసుకో మరి."

ఒకరోజు క్లాసులో నా నోరు జారి "పిన్నీ" అని వచ్చేసింది. హిందీ పిల్లలు అదేదో సీనియర్ ప్రొఫెసర్లకిచ్చే హోదా అనుకున్నారు. ఆ తర్వాత "పిన్నీ మేడమ్ వచ్చారా?" అని మర్యాదగా అడగడం మొదలుపెట్టారు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆవిడ మాత్రం దిద్దలేదు. "కానీలే, ఇన్నాళ్లకి ప్రమోషనొచ్చింది" అంది స్కూటర్ మీద.

ప్రాక్టికల్స్ చేయించడం కూడా నా పనే. మొదట్లో క్లాసు మొత్తానికి ఒకే రీడింగ్ వస్తే అందరూ బాగా చేశారని మురిసిపోయాను. పిన్ని రికార్డులు తిరగేసి, "అందరికీ ఒకటే వచ్చిందేటి? అంటే ఒక్కడే సేశాడన్నమాట" అంది. మర్నాటి నుంచి ఒక్కో బల్లకి ఒక్కో గాఢతలో ద్రావణం కలిపి పెట్టమంది. కాపీ కొట్టినవాడికి పక్కవాడి జవాబు వచ్చేది. ఆవిడ అరిచేది కాదు. వాడిని కూర్చోబెట్టి మళ్లీ చేయించేది, తను కూడా పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది.

ఊళ్లలో పని ఇంకో రకం. నీళ్లు పట్టే ముందు సీసాను అదే పంపు నీళ్లతో తొలవాలి. అంతకన్నా ముందు ఆ ఇంటి ఆడమనిషిని అడగాలి. "పంపు సర్కారుదే గానీ నీళ్లు ఆవిడవి" అనేది పిన్ని. ఫలితాలు వచ్చాక రిపోర్టు రాయడానికి కూర్చోనిచ్చేది కాదు. ముందు మళ్లీ ఆ ఊరికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, ఏ నీళ్లు మంచివో ఏవి కావో వాళ్ల ఛత్తీస్‌గఢీలో చెప్పి రావాలి. దీనికి బోలెడు టైం పట్టేది. డిపార్ట్‌మెంట్‌లో నవ్వేవాళ్లు. "రిపోర్టెవులు సదువుతారే? తాగేవోళ్లకి ముందు సెప్పాల" అనేది.

మాట్లాడటం ఆవిడ వంతు, సీసాలు మోయడం నా వంతు. నాకు ఛత్తీస్‌గఢీ అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. నేర్పమంటే, "వింటన్నావు కదా, అదే వస్తాది" అనేసేది.

కర్గీ రోడ్ స్టేషన్ వైపున్న ఒక ఊరు ఆఖరిది. పిన్ని ముందే వెళ్లి నీళ్లు పట్టుకోవడానికి వాళ్లను ఒప్పించి వచ్చింది, తర్వాత మంచాన పడింది. ఆ ఉదయం నా బల్ల మీదున్నవి ఆ ఊరి సీసాలే. పిన్ని కర్మలు ముగిసేసరికి ఫలితాలన్నీ చేతికొచ్చాయి. చేతిపంపు నీళ్లలో ఫ్లోరైడ్ బాగా ఎక్కువ. బావి నీళ్లలో అది లేదు గానీ క్రిములున్నాయి.

ప్రాజెక్టు ఇప్పుడు ఇంకో సర్ చూస్తున్నారు. మంచాయన. "రిపోర్ట్ మే లిఖ్ దో, బేటా. జానే కీ క్యా జరూరత్?" అన్నారు, రిపోర్టులో రాసెయ్, వెళ్లడం ఎందుకని. పైవాళ్లకు పంపితే వాళ్లే చూసుకుంటారట. వాళ్లు చూసుకునేదాకా ఆ ఊరి పిల్లలు అవే నీళ్లు తాగుతారు. ప్రాజెక్టుతోపాటే నా ఉద్యోగం ఎలాగూ నెలాఖరుతో సరి, వెళ్లకపోతే అడిగే నాథుడు లేడు. అదే నాకు మింగుడు పడలేదు. "రాస్తాను సర్. వెళ్లి చెప్పి వచ్చాక రాస్తాను" అన్నాను. ఆయన సరే అన్నట్టు తలూపారు.

రైల్లో కర్గీ రోడ్ దాకా, చెప్పాల్సిన మాటలు పెదాలతో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. ఎదుటి సీట్లో ఒకావిడ, నన్ను పిచ్చిదాన్ననుకుందో ఏమో, కొంచెం పక్కకి జరిగి కూర్చుంది. భయం నిజంగానే వేసింది. తప్పు మాట చెప్తే మంచి నీళ్లు మానేసి చెడ్డవి తాగుతారు.

పంపు దగ్గర, మొన్న నాకు నీళ్లు పట్టనిచ్చిన ఇల్లాలే ఉంది. "మైడమ్ నఇ ఆఇస్?" అంది, మేడమ్ రాలేదా అని. చనిపోయారని చెప్పాను. ఆమె పంపు కొట్టడం ఆపేసింది. నేనూ ఆగిపోతే ఇంక మాట రాదని తెలుసు, అందుకే వెంటనే అందుకున్నాను. సగం హిందీ, సగం ఛత్తీస్‌గఢీ. ఈ నీళ్లలో పళ్లనీ ఎముకల్నీ పాడుచేసేది ఒకటుంది, తాగొద్దు, వంటకీ వద్దు, గిన్నెలకీ బట్టలకీ వాడుకోండి అన్నాను. కాస్తే పోదా అని అడిగింది. ఇది కాచినా పోదన్నాను. వీధి చివరి బావి నీళ్లలో ఇది లేదు, అవి కాచుకుని తాగండి అన్నాను. ఆమె తన కూతుర్ని దగ్గరికి పిలిచి పై పెదవి ఎత్తి చూపించింది. పళ్ల మీద గోధుమరంగు గార. "ఇందుకేనా?" అంది. కావచ్చు, డాక్టరుకి చూపించండి అన్నాను. ఇంతకాలం పిన్ని ఈ ప్రశ్నలకు ఎలా నిలబడిందో అప్పుడు తెలిసింది నాకు.

ఆమె గోడల మీదుగా చుట్టుపక్కల వాళ్లందర్నీ కేకేసింది. మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఇంకోసారి చెప్పాను. ఈసారి తడుముకోలేదు.

ఆమె నిండు బిందె ఎత్తి వంకాయ మొక్కల్లో గుమ్మరించింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని బావి వైపు నడిచింది. ఆమె వెనక ఒక్కో గుమ్మంలోంచీ ఒక్కో బిందె వంగుతోంది. వీధంతా నీళ్లు పారుతున్నాయి.