తుఫాను వెళ్ళిన మర్నాడు

శుక్రవారం సాయంత్రమయ్యేసరికి మా వాట్సాప్ గ్రూపులో సూర్యుడి బొమ్మలు మొదలవుతాయి. ఒకరు ఫోన్లో వెదర్ యాప్ స్క్రీన్‌షాట్ పెడతారు. ఇంకొకరు వేరే యాప్‌ది పెడతారు. మూడోవారు "సూపర్ వెదర్, చలో" అంటారు. అమెరికాలో మేముండే బాతెల్‌లో మా తెలుగు చర్చికి వచ్చేవాళ్ళలో మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే స్నోషూస్ కొనుక్కున్న ఏడెనిమిది కుటుంబాల గ్రూపు అది. అందరూ పొద్దస్తమానం కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళే. సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న బటన్ రంగు మార్చాలంటే నాలుగు మీటింగులు పెట్టి పదిసార్లు టెస్ట్ చేయిస్తారు. కొండెక్కడానికి మాత్రం ఒక పసుప్పచ్చ బొమ్మ చాలు.

వాళ్ళని ఇలా వెక్కిరించే అర్హత నాకెక్కడిదంటే, నేను మంచుచరియల గురించి రెండు రోజుల క్లాసుకి వెళ్ళొచ్చాను. రెండు రోజులే. ఆ తర్వాత నేను మాట్లాడిన తీరు వింటే మాత్రం నన్ను మంచులోనే కని పెంచారనుకోవాలి. మా ఆయన నన్ను ప్రొఫెసర్ గారూ అని పిలవడం మొదలుపెట్టాడు. నాకు అదీ నచ్చింది.

ఆ యాప్‌లు చాలావరకు చెప్పేది కొండ కింద ఊరి సంగతి. కొండ సంగతి చెప్పే బులెటిన్ వేరే ఉంటుంది. చలికాలమంతా రోజూ వస్తుంది. ఏ వైపు వాలు మీద ఎంత మంచు పడింది, గాలి దాన్ని ఎత్తుకెళ్ళి ఎటువైపు పోసింది, కింద పాత పొర ఎలా ఉంది, అన్నీ రాస్తారు. ప్రమాదాన్ని ఐదు మెట్లుగా, ఐదు రంగుల్లో చూపిస్తారు. మేం కొండకి వెళ్ళిన ఆ శనివారానికి మూడో మెట్టు, నారింజ రంగు. నేను ఆ లింక్ గ్రూపులో పెట్టాను. "ఐదులో మూడే కదా, మీడియం" అని జవాబొచ్చింది. దాని కింద నాలుగు బొటనవేళ్ళు. మధ్యలో ఉన్న అంకె ఏది కనబడినా మనవాళ్ళకి ధైర్యం వచ్చేస్తుంది. మనుషులు ఎక్కువగా చచ్చిపోయేది ఆ మూడో మెట్టు ఉన్న రోజుల్లోనే అని క్లాసులో చెప్పారు. ఐదు అంటే ఎవడూ ఇల్లు కదలడు కదా.

ఆ బొటనవేళ్ళలో మొదటిది అన్నయ్యది. సొంత అన్నయ్య కాదు. చర్చిలో ఆయన అందరికీ అన్నయ్యే. కొత్తగా వచ్చినవాళ్ళకి అద్దె ఇల్లు వెతికిపెట్టేది ఆయన. మా ఆయన ఉద్యోగం పోయి, వీసాకి రెండు నెలలే గడువున్నప్పుడు, రెజ్యూమె పట్టుకుని ఊరంతా ఫోన్లు చేసింది ఆయన. అలాంటి మనిషి పదండి అంటే అందరూ బూట్లు వేసుకుంటారు. ఎక్కడికని కూడా అడగరు.

బుధవారం నుంచి శుక్రవారం దాకా కొండల మీద మంచు తుఫాను. మోకాళ్ళు దాటి పడింది. శనివారం పొద్దున కడిగినట్టు తేటగా ఉంది ఆకాశం. చివరికి వచ్చింది రెండు జంటలే, అన్నయ్య, వదిన, మా ఆయన, నేను. దారిలో అన్నయ్య డ్రైవ్ చేస్తూ ఎంతో తృప్తిగా అన్నాడు, "చూడమ్మా, తుఫాను తీరం దాటిపోయింది. ఇంక భయమేముంది."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆయనది బందరు, నాది చీరాల. రేడియోలో తుఫాను తీరం దాటిందని చెప్పగానే మా ఇళ్ళల్లో తలుపులు తెరిచేవాళ్ళు, బట్టలు ఆరేసేవాళ్ళు. గాలి ఆగితే గండం గడిచినట్టే. క్లాసులో మొదటి రోజు నేనూ అలాగే రాశాను, ఆకాశం తేటపడితే ప్రమాదం తగ్గుతుందని. పంతులమ్మ నా కాగితం మీద పెద్ద ఇంటూ కొట్టింది. మంచు కొండ మీద కొత్త గండం మొదలయ్యేదే తుఫాను వెళ్ళిన మర్నాడు. కంచంలో పంచదార పరిచి, దాని మీద దిబ్బరొట్టె పెట్టి, కంచం వంచితే రొట్టె ఎలా జారుతుందో అలా జారుతుంది కొత్త మంచు. ఎండ తగిలితే ఇంకా తొందరగా. ఈ సంగతి కారులో నెమ్మదిగా చెప్పి ఉండవచ్చు. నేనూ మొదట ఇదే తప్పు చేశానని ఒక్క మాట కలిపితే ఆయన నవ్వి వినేవాడే. చెప్పలేదు. నా పేపరు మీద ఇంటూ పడిందని చెప్పుకుంటే ప్రొఫెసర్ పరువేం కావాలి.

కనుమ దగ్గర కారాపి, అరగంట నడిచి, గడ్డకట్టిన చెరువు ఒడ్డుకి చేరాం. ఎదురుగా నున్నటి తెల్లటి వాలు. పైన ఒక రాతి గుట్ట. అన్నయ్య టోపీ తీసి ప్రార్థన చేశాడు. ఇంత చక్కటి వాతావరణం అనుగ్రహించినందుకు ప్రభువుకి స్తోత్రాలు చెప్పాడు, మా అడుగులకి కాపుదల అడిగాడు. నేను కళ్ళు తెరిచి ఆ వాలునే చూస్తున్నాను. ఆమెన్ అయ్యాక ఆయన, "ఆ గుట్ట దాకా వెళ్ళి ఫొటో తీసుకుని వచ్చేద్దాం" అన్నాడు.

క్లాసులో ఒక నియమం నేర్పారు. గుంపులో ఏ ఒక్కరు వద్దు అన్నా అందరూ ఆగాలి. కారణం అడగకూడదు, బతిమాలకూడదు. రెండక్షరాల మాట. నేను ఆ మాట తప్ప అన్నీ అన్నాను.

"అన్నయ్యా, మీ ఆర్డర్లు ఆఫీసులో కంప్యూటర్ సర్వర్లకి ఇవ్వండి. కొండకి కాదు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళకి ఇక్కడి మంచు సంగతి ఏం తెలుస్తుంది."

వదిన ముందు అన్నాను. ఆయన ముఖం ఒక్క క్షణం ఎర్రబడి, మళ్ళీ మామూలైంది. "సరేనమ్మా. నువ్వు, వదిన ఇక్కడ కూర్చుని టీ తాగండి. మేం వెళ్ళొస్తాం" అన్నాడు. అంత అన్నాక ఆయన వెనక్కి తగ్గడానికి నేను దారి ఉంచలేదు.

మా ఆయన నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "అట్లా మాట్లాడతవా పెద్దాయనతో? ఇప్పుడు ఆయన్ని ఒక్కణ్ణే ఎట్ల పంపమంటవ్?" ఆయనది వరంగల్. కోపం వస్తే ఆ యాస ఇంకా చిక్కబడుతుంది. నేను భుజాలెగరేశాను. నాకే కాక మిగతా ముగ్గురి ఛాతీలకీ బీకన్‌లు కట్టింది నేనే. మంచు కింద పడితే ఆ సిగ్నల్ పట్టుకుని వెతకడానికి. వాకీటాకీ ఒకటి మా ఆయన చేతిలో పెట్టాను. ఇవన్నీ పద్ధతిగా చేశాను.

వదిన ఫ్లాస్కులో టీ తెచ్చింది, జంతికలు తెచ్చింది. ఇద్దరం ఫోమ్ చాపల మీద కూర్చున్నాం. ఎర్ర జాకెట్, నీలం జాకెట్ వాలు పక్కనున్న చెట్ల వెంట పైకి పోతున్నాయి. "మోకాలు నొప్పి కదా, వద్దంటే వినడు" అంది వదిన. నేను ఆవిడకి బులెటిన్ వివరిస్తున్నాను. గాలి, పొరలు, వాలు డిగ్రీలు. ఆవిడ భర్త చెట్లు దాటి ఆ తెల్లటి వాలు మీద అడుగు పెట్టబోతున్నప్పుడు కూడా నేను ఆవిడకి పాఠం చెబుతూనే ఉన్నాను.

చప్పుడు పెద్దగా రాలేదు. మేడ మీద ఎవరో బియ్యం బస్తా పడేసినట్టు వచ్చింది. వాలు మీద అడ్డంగా ఒక గీత పడింది. గీత కింద ఉన్నదంతా ఒక్కసారే కదిలింది. తర్వాత తెల్లటి పొగ. ఎర్ర జాకెట్ లేదు, నీలం జాకెట్ లేదు.

అప్పుడు నేను వదిన వైపు తిరిగి, "చెప్పానా?" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. ఆవిడ చేతిలోని కప్పు ఒరిగి టీ మంచులోకి కారిపోతోంది. అప్పుడు నాకు భయం వేసింది. బీకన్ వెతికే మోడ్‌లోకి మార్చాను. స్నోషూ ఒకటి తొడిగి, రెండోది తొడగలేక, అలాగే పరుగెత్తబోయి పడ్డాను. వాకీటాకీ గరగరమంది. "ఉన్నం. ఇద్దరం ఉన్నం. చెట్లల్లనే ఉన్నం." అన్నయ్య స్నోషూ పట్టీ వదులైందట. దాన్ని బిగించడానికి ఆఖరి చెట్టు దగ్గర ఆగారు. వాళ్ళ ముందున్న వాలు మొత్తం జారిపోయింది.

వాళ్ళు కిందికి వచ్చారు. మా ఆయన జాకెట్ రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాను. తిరుగు ప్రయాణంలో కారు నేను నడిపాను.

మర్నాడు ఆరాధనలో అన్నయ్య లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడు ఒక చిన్న పట్టీ చేత మమ్మల్ని ఆపాడన్నాడు. అక్కడితో ఊరుకోకుండా, "మన చెల్లెమ్మ ముందే హెచ్చరించింది. నేనే అహంకారంతో వినలేదు. నన్ను క్షమించమ్మా" అన్నాడు. హాలంతా నా వైపు తిరిగింది. ఎవరో స్తోత్రం అన్నారు. వెనక వరసలోని ఆంటీ ఒకావిడ నా భుజం తట్టింది. నేను తల వంచుకున్నాను. అందరూ దాన్ని అణకువ అనుకున్నారు.

వదిన నా పక్కనే కూర్చుని ఉంది. మీరూ ఒక మాట చెప్పండి అని పాస్టరుగారు ఆవిడని అడిగారు. ఆవిడ లేచింది. "దేవునికి స్తోత్రం" అని మాత్రం అని కూర్చుంది.

చెప్పానా అని నేను అన్నప్పుడు వాళ్ళు బతికున్నారో లేదో నాకు తెలియదు. తెలియకుండానే ఆ మాట అన్నానని వదినకి తెలుసు.