సుగుణ చెప్పిన కృతజ్ఞత

మా కింది వాటాలో కిరాయికుండే సుగుణ లింగంపల్లిలో ఓ నర్సింగ్ హోములో నర్సు. వాళ్లది తెనాలి పక్క. మాది అనంతపురం. వచ్చిన కొత్తలో ఆమెతో వేగడం నాకు కష్టమే అయింది. ఏం అడిగినా దేవుని కృపే. "నీళ్లొచ్చినాయా సుగుణా?" అంటే "దేవుని కృప, బాగానే వచ్చాయండి" అనేది. నీళ్లు వదిలినవాడికి కూడా కాస్త పేరు దక్కనియ్యమ్మా అని ఎగతాళి చేస్తే నవ్వేసేది. చెయ్యి మాత్రం మంచిది. మా ఆయన షుగరు సూది ఆమె వేస్తే తప్ప వేయించుకునేవాడు కాదు.

వాళ్ల చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో ఒక్కొక్కరే లేచి, ఆ వారం దేవుడు చేసిన మేలు చెప్పుకుని కృతజ్ఞత చెల్లిస్తారు. సుగుణ ఏ వారమూ లేవకుండా ఉండేది కాదు. ఒకసారి బస్సు దిగుతూ పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ కట్టుతోనే లేచి, దేవుడు నన్ను ఏ హానీ కలగకుండా కాపాడాడు అని చెప్పి వచ్చింది. "మరి ఆ కట్టేంది, సోకు కోసమా?" అన్నాను. "ప్రాణంతో ఉన్నాను కదండీ పార్వతమ్మగారూ. అక్కడ అలాగే చెప్పుకుంటామండి" అంది. అక్కడ ఎవరూ కష్టాన్ని కష్టమని చెప్పరట. చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు.

భర్త పోయాక ఆమెకు మిగిలింది కూతురు కరుణ. మాదాపూర్ రాళ్లు పగలగొట్టి హైటెక్ సిటీ లేపుతున్న రోజులవి. అక్కడికి దగ్గర్లోనే, పరదేశపు డాక్టర్లు మాట్లాడి పంపే మాటలు విని టైపు చేసే కంపెనీలో కరుణకు ఉద్యోగం దొరికింది. తొంభై తొమ్మిది వేసవిలో ఒక శనివారం, సెలవైనా సరే, అర్జంటు పనుందని మేనేజరు పిలిపించాడు. తీరా పోతే ఆఫీసులో ఇంకెవరూ లేరు. మధ్యాహ్నం దాటాక పిల్ల ఇంటికొచ్చి మెట్ల మీదే కూలబడింది. వాడు తనను చెరిచాడని తల్లితో చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నర్సు కాబట్టి సుగుణ ఏడుస్తూనే బుద్ధి నిలుపుకుంది. కూతుర్ని స్నానం చేయనివ్వలేదు. విడిచిన బట్టలు కాగితం సంచిలో పెట్టింది. ముగ్గురం ఆటోలో స్టేషనుకు పోయాం. హెడ్ కానిస్టేబుల్ మొగిలి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"సారు బందోబస్తుకు పోయిండు. సోమారం రాండ్రి."

"అంతవరకు ఈ పిల్ల ఇట్లే ఉండల్లనా?" అన్నాను.

"గింత గరం అయితే ఎట్లమ్మా? వాళ్లది పెద్ద కంపెనీ. జర ఆలోచించుకోండ్రి. పిల్ల పేరు ఖరాబైతది." సంచి తీసుకోమంటే, అదంతా సారు వచ్చినంకనే అన్నాడు. అక్కణ్నుంచి గవర్నమెంటు దవాఖానకు పోతే, పోలీసుల చీటీ లేనిదే పరీక్ష చేయం అన్నారు. ఇంటికి తిరిగి వచ్చేశాం.

మర్నాడు ఆదివారం. కూతుర్ని నా దగ్గర పడుకోబెట్టి సుగుణ చర్చికి వెళ్లింది. దేవుడి దగ్గర ఏడ్చుకుని వస్తుందిలే అనుకున్నాను. అక్కడ ఎప్పటిలా లేచి నిలబడిందట. "నా బిడ్డ పెద్ద ఆపదలో పడింది. దేవుడు ఏ హానీ కలగకుండా నా ఇంటికి చేర్చాడు" అన్నదట. వచ్చి నాతో చెబితే నాకు ఒళ్లు మండింది.

"ఏ హానీ కలగకుండానా?"

"బతికి వచ్చింది కదండీ" అని నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. నా కోపం ఎటో పోయింది.

సోమవారం ఫిర్యాదు తీసుకుని, బట్టల సంచి పెట్టుకుని, పరీక్షకు చీటీ ఇచ్చారు. రెండు రోజులు దాటాయి, ఇంక ఏమీ తేలదని దవాఖానలో రాసిచ్చారు. తర్వాత ఆ సారు, సి.ఐ. శ్రీనివాసులు, చేసిన దర్యాప్తు చూడాలి! ఆఫీసు వాచ్‌మన్ ఏం చెప్పాడయ్యా అంటే, సెలవులో ఉన్నాడు. ఆ రోజు లోపలికి ఎవరెవరు వచ్చారంటే, కంపెనీవాళ్లు చెప్తామన్నారు. బట్టల సంచి స్టేషను బీరువా మీదే దుమ్ము పట్టింది. మేనేజరును ఒకసారి పిలిచి, టీ తాగించి పంపారు. కరుణను మాత్రం మాటిమాటికీ పిలిచి, ఒక్కదానివే ఎందుకు పోయినవ్, ఎందుకు అరవలేదు అని అడిగిందే అడిగారు. పిల్ల తిండి మానేసింది.

ఇంత తీరిక లేని మనుషులకు చర్చికి పోవడానికి మాత్రం తీరిక దొరికింది. ఆ చర్చికి వచ్చే ఒకతను కరుణ కంపెనీలోనే పనిచేస్తాడు. సుగుణ అన్న మాట అతని నోట మేనేజరుకు, మేనేజరు నోట సి.ఐ.కి చేరింది. పోలీసులు వెళ్లి ఆ రోజు విన్నవాళ్లందరినీ అడిగారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. విన్నది విన్నట్టు చెప్పారు. మీ దగ్గర అలా ఎందుకంటారని వాళ్లను ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత సుగుణను స్టేషనుకు పిలిపించారు. కరుణ, నేను వెంట వెళ్లాం.

"చర్చిల అబద్ధం చెప్తవా అమ్మా?" అన్నాడు సి.ఐ.

"చెప్పనండి."

"నా బిడ్డకు ఏ హానీ కాలేదని అన్నవా, అనలేదా?"

"అన్నానండి, కానీ అక్కడ మేము..."

"కానీ గీనీ ఇగ వద్దు. అన్నవా లేదా?"

సుగుణ కూతురి వైపు చూసింది. "అన్నానండి" అంది.

నేను ఊరుకోలేకపోయాను. "ఆయమ్మ చెయ్యి ఇరిగినప్పుడు గూడా ఇట్లే అనింది సార్! అయితే చెయ్యి ఇరగలేదని రాస్తారా?"

"నువ్వెవరమ్మా? బయటికి నడువు" అన్నాడు. మొగిలి నన్ను వరండాలోకి పంపి తలుపు వేశాడు. లోపల ఆ ఒక్క మాటే కాగితం మీద రాసి సుగుణ చేత సంతకం పెట్టించుకున్నారు.

వానాకాలం మధ్యలో, ఫిర్యాదు అబద్ధమని కేసు మూసేశారు. అందుకు కన్నతల్లి మాటే ఆధారమట. కోర్టులో అభ్యంతరం చెప్పుకోవచ్చు కానీ తల్లే అలా అన్నాక ఏం నిలుస్తుందని వకీలు పెదవి విరిచాడు. ఆ మేనేజరు కొత్త కారులో తిరుగుతున్నాడని విన్నాను. వాణ్నీ, ఆ సి.ఐ.నీ తిట్టని రోజు లేదు నాకు. తిట్టి ఏం చేయగలిగాను?

కేసు మూసేసిన కబురు తెలిసిన సాయంత్రం కిందికి వెళ్లాను. కరుణ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సుగుణ అన్నం కలిపి ముద్ద ఆమె నోటి దగ్గర పట్టుకుంది.

"అనలేదని ఒక్క మాట చెప్పలేకపోయావా అమ్మా?" అంది కరుణ. గొంతులో కోపం కూడా లేదు.

"దేవుడి ముందు అన్న మాట అనలేదని ఎలా చెప్పనే?"

"నువ్వు నిజమే చెప్పావులే. అబద్ధాలకోరు పేరు నాకొచ్చింది."

ముద్ద సుగుణ చేతిలోనే ఉండిపోయింది. "నాకు ఇంకోలా చెప్పడం రాదు తల్లీ" అంది.