నాన్న వయసులో రెండేళ్లు

పింఛను తీసుకునే నా ఈడువాళ్లందరికీ తెలిసిన తంతే ఇది. ఏడాదికోసారి వెళ్లి, మనం ఇంకా బతికే ఉన్నామని గాజుపలక మీద వేలు పెట్టి చెప్పి రావాలి. ఈ ఏడు బందరులో మా వీధి చివరి కంప్యూటర్ సెంటరుకు వెళ్తే, ముప్పై నాలుగేళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లు అరిగిపోయాయో ఏమో, మూడుసార్లు పెట్టినా ఆ యంత్రం నన్ను గుర్తుపట్టలేదు.

"మామ్మగారూ, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టండి. కంగారేం లేదు, మీరు ఎదురుగానే ఉన్నారుగా," అంది అక్కడి అమ్మాయి.

నాలుగోసారికి పచ్చదీపం వెలిగింది. పుట్టిన తేదీ ఒకటి, ఏడు, యాభై ఒకటేనా అని అడిగింది. అవునన్నాను. ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వరండాలో కూర్చుండిపోయాను.

మా నాన్నది నాగాయలంక దగ్గర ఒక పల్లె. 1942 ఫిబ్రవరిలో, సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని, ఇంట్లో చెప్పకుండా బెజవాడ వెళ్లి పేరు రాయించుకున్నాడు. అప్పటికి ఆయనకు పదహారేళ్ల ఆరు నెలలు. అంత చిన్నవాణ్ణి తీసుకోరని ఎవరో చెబితే రెండేళ్లు కలిపి చెప్పాడు. బర్మా వైపు లారీలు నడిపే దళంలో నాలుగేళ్లు చేశాడు. ఎడమ పిక్కలో ఇనపముక్క దిగిన చోట గుంట ఉండేది. చిన్నప్పుడు నా చిటికెనవేలు సరిగ్గా అందులో పట్టేది. యుద్ధం అయిపోయాక పింఛను లేకుండా, సెలవు ఇచ్చినట్టు రాసిన ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టి పంపేశారు. నాన్న దాన్ని నూనెగుడ్డలో చుట్టి రేకుపెట్టెలో దాచుకున్నాడు.

1977 ఉప్పెనలో ఆ పెట్టె పోయింది. అమ్మా నాన్నా చర్చి డాబా ఎక్కి బతికారు గాని, ఇల్లూ గొడ్లూ పోయాయి, ఉన్న ఎకరం ముప్పావులో ఉప్పు మేట వేసింది. అరవై దాటాక నాన్న ఊరవతల రొయ్యల చెరువుకు కాపలా కుదిరాడు. గుడివాడ వచ్చేసి నా దగ్గర ఉండమంటే, కూతురి ఇంట్లో ఎన్నాళ్లు తింటామమ్మా అనేవాడు.

అలాంటి రోజుల్లో, 1988లో, ఆ యుద్ధంలో పనిచేసి పింఛను లేని సిపాయిలకు ప్రభుత్వం నెలనెలా ఎంతో కొంత ఇస్తుందని తెలిసింది. ఆ కబురు పట్టుకుని నాన్న మొదటి బస్సుకే గుడివాడ వచ్చాడు. అది వస్తే కాపలా మానేస్తానని, పోయిన పుస్తకం బదులు తన పేరున్న కాగితం ఒకటి మళ్లీ చేతికి వస్తుందని, కాఫీ చల్లారిపోతున్నా చెబుతూనే ఉన్నాడు. రెండో మాటే ఎక్కువసార్లు చెప్పాడు.

అర్జీ నేను రాశాను. నేను బడిలో లెక్కల టీచర్ని. ఏ కాగితమైనా రెండుసార్లు సరిచూడనిదే ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. మా కుటుంబ బైబిలు పెళ్లప్పుడు నాకిచ్చారు గనుక గుడివాడలో ఉండి ఉప్పెనకు చిక్కలేదు. దాని అట్ట లోపల తాతయ్య, ఆయన తరువాత నాన్న, ఇంటిల్లిపాది పుట్టుకలూ చావులూ రాసిపెట్టారు. నాన్న పుట్టింది 1925 ఆగస్టు 9, ఆదివారం.

"అమ్మాయ్, ఇరవై మూడని రాయి. వాళ్ల దాంట్లో అట్లాగే ఉంటది," అన్నాడు నాన్న.

"బైబిల్లో ఒకటుంటే ఇంకోటి ఎలా రాస్తాను నాన్నా? ఇదంతా నిజమని కింద సంతకం పెట్టేది నువ్వే కదా."

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి నవ్వాడు. "పంతులమ్మగారితో నేనెక్కడ గెలుస్తాను. నీ ఇష్టం, రాయి," అన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. సైన్యం లెక్కకూ మా లెక్కకూ తేడా వస్తుందని ముందే తెలుసు గనుక, చేరేటప్పుడు నాన్న వయసు ఎక్కువ చెప్పాడని వివరిస్తూ, బైబిలు అట్ట లోపలి రాతకు నకలు తీసి, విడిగా ఒక ఉత్తరం కూడా జతచేశాను. ఎంత పద్ధతిగా రాశానో అని ఆ రోజు నాకు నేనే మురిసిపోయాను.

నాలుగు నెలల తరువాత ఇద్దరం కలిసి బందరు ఆఫీసుకు వెళ్లాం. నాన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, కుర్చీ చూపించినా కూర్చోకుండా, మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. అక్కడి గుమాస్తా మంచివాడే. ఫైలు తిరగేసి నావైపు జాలిగా చూశాడు.

"ఊరు కలిసింది టీచరుగారూ, తండ్రి పేరు కలిసింది. వయసు ఒక్కటే తేడా. ఉత్తరం లేకపోతే పొరపాటున పడిందని మళ్లీ అర్జీ పెట్టించేవాణ్ణి. తప్పు చెప్పి చేరాడని మీరే రాసిచ్చారు కదండీ, ఇహ పైకి పంపకుండా నేనుంచుకోలేను."

"ఎన్నాళ్లు పట్టుద్దండీ?" అన్నాడు నాన్న. గుమాస్తా తల దించుకుని ఫైలుకు తాడు కట్టాడు.

బస్టాండుకు నడిచాం. నాన్నే నా చేతిసంచి అందుకుని, నిజం రాసినందుకు ఎవరూ ఉరితీయరులే అన్నాడు. ఆ తరువాత మూడేళ్లలో అవనిగడ్డ మీదుగా బందరుకు పద్నాలుగుసార్లు తిరిగాడు. ప్రతిసారీ అదే తెల్లచొక్కా. వచ్చిన ప్రతిసారీ నాకొక కార్డు రాసేవాడు, ఇంకా పైనుంచి రాలేదు, నువ్వు మనసులో పెట్టుకోకు అని. ఆ పద్నాలుగు కార్డులూ ఇప్పటికీ బైబిల్లోనే ఉన్నాయి.

1991 సెప్టెంబరులో చెరువుగట్టు మీది పాకలో జ్వరం వచ్చి, ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. బైబిలు ప్రకారం అరవై ఆరేళ్లు, సైన్యం ప్రకారం అరవై ఎనిమిది. పైనుంచి జవాబు పందొమ్మిది రోజుల తరువాత వచ్చింది. వయసు రుజువుతో స్వయంగా హాజరు కావలసిందని ఉంది. అమ్మ చదవమంటే, ఏమీ లేదమ్మా, ఇంకా పైనుంచి రాలేదట అన్నాను. సమాధి రాయి మీద మాత్రం 1925 అనే చెక్కించాను.

ఇంతకాలం ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెప్పాలి. నేను పుట్టింది 1952 నవంబరు 12న. అదే అట్ట లోపల, నాన్న పేరుకు నాలుగు వరసల కింద, ఆయన చేతిరాతలోనే ఉంది. అమ్మ నాట్లకు వెళ్తే ఇంట్లో నన్ను చూసుకునేవాళ్లు లేక, మూడున్నరేళ్లకే నాన్న నన్ను బడికి తీసుకువెళ్లి, ఐదేళ్లు నిండబోతున్నాయని చెప్పి చేర్పించాడు. పెద్ద మాస్టారు తనకు అలవాటైన జూలై ఒకటి వేసుకున్నారు. ఏడాది నాలుగు నెలల పదకొండు రోజుల తేడా. నా సర్టిఫికెట్లూ ఉద్యోగమూ పింఛనూ అన్నీ ఆ తేదీ మీదే నడిచాయి, ఒక్కచోటా నేను దాన్ని దిద్దించలేదు. అర్జీ రాసిన నాడు నాన్న పుట్టిన తేదీ, నేను పుట్టిన తేదీ, రెండూ ఒకే అట్ట మీద నా కళ్ల ముందు ఉన్నాయి. నాన్న కళ్ల ముందూ ఉన్నాయి. ఒక్క మాట అని ఉంటే నా కలం ఆగిపోయేది, ఆయన అనలేదు. నా మొహంలోకి చూసిన ఆ కాసేపు ఆయన ఏం ఆలోచించాడో ఇప్పుడు నాకు తెలుసు.

కాలం ఎంతో మారింది. ఇప్పుడు ఆఫీసుల చుట్టూ పద్నాలుగుసార్లు తిరగక్కర్లేదు, వీధి చివరిదాకా నడిస్తే చాలు. పిక్కలో గుంటతో, కలిపిన మడమలతో, నిండు మనిషి ఎదురుగా నిలబడితే నమ్మని చోట, నేను వేలు ఆనించి, నాన్న నా కోసం చెప్పిన తేదీకి అవునంటే నమ్ముతున్నారు. వచ్చే ఏడు ఉంటే మళ్లీ వెళ్లి, మళ్లీ అవుననే అంటాను.