టెంపోలో ఇరవై ఒక్క మందిమి, నల్దుర్గ్ కోటకు

దసరా వెళ్ళిన మర్నాడు ఉదయం ఆరున్నరకు గౌలిగూడ బస్టాండులో షోలాపూర్ బస్సు ఎక్కాం, నేనూ మా అమ్మా. ముందురోజు సాయంత్రమే సిద్దిపేట నుంచి వచ్చి తెలిసినవాళ్ళింట్లో పడుకున్నాం. పండుగ రద్దీ కాబట్టి సీట్లు ముందే రిజర్వు చేయించాను. వెళ్ళాలనుకునేవాళ్ళు ఎడమవైపు కిటికీ అడగొద్దు, మధ్యాహ్నం ఎండంతా అటే కొడుతుంది.

అమ్మను ఈ ప్రయాణానికి ఒప్పించడానికి నాకు నెల పట్టింది. షోలాపూర్‌లో ఉండేది అమ్మకు సొంత అక్క, మా నర్సవ్వ పెద్దమ్మ. ఎనిమిదేళ్ళ కిందట మా నాన్న పోయినప్పుడు పెద్దమ్మ రాలేదు. చివరిచూపుకు రాలేదు, పదో రోజుకూ రాలేదు, ఆ తర్వాత ఉత్తరం కూడా లేదు. "తోడబుట్టింది రాకపోతే ఇంగెవలొస్తరు?" అని అమ్మ ఒక్కసారే అంది. తర్వాత అక్క పేరెత్తడం మానేసింది. ఈ ఏడు బతుకమ్మ ముందు పెద్దమ్మ పెద్ద కొడుకు అంబదాస్ అన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "అమ్మ మిమ్ముల జూడాలంటున్నది, చిన్నమ్మను తప్పక తోలుకరా" అని రాశాడు. పంతులమ్మను కాబట్టి నాకు బడి సెలవులు. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, అంతకంటే పెద్ద నొప్పి మనసులో. "నువ్వు పొమ్మంటె వస్తున్న, దాంతోని మాట్లాడుమనకు" అన్న షరతు మీద బస్సెక్కింది.

జహీరాబాద్‌లో తొమ్మిదింటికి చాయ్ తాగాం. హుమ్నాబాద్ దాటాక మా పక్క సీట్లో ఒకామె కూర్చుంది. షోలాపూర్‌లో బీడీలు చుడుతుందట, పుట్టిల్లు నారాయణపేట. ఒళ్ళో బుట్టనిండా సీతాఫలాలు. "మా దిక్కు గిప్పుడు గివే. పొద్దుగాల సీతాఫలం, మాపటికి సీతాఫలం" అని నవ్వుతూ మాకు రెండిచ్చింది. ఉమర్గాలో పన్నెండున్నరకు బస్సు అరగంట ఆగితే అటుకుల పోహా తిన్నాం. రెండు కావస్తుండగా ఎడమపక్క నల్లరాతి గోడలు కనిపించాయి. బస్సు ఒక వంతెన మీంచి మెల్లగా పోతోంది.

"నల్దుర్గ్ కోట. ఎగువ మస్తు వానలు పడ్డయి. గిప్పుడు నర, మాది రెండూ దుంకుతయి" అంది బీడీలామె. కోట దగ్గర కట్ట మీంచి జంటగా దూకే జలపాతాలకు ఆ పేర్లు, మగదొకటి ఆడదొకటి. అమ్మ ఒకసారి తొంగి చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మూడున్నరకు షోలాపూర్ చేరాం. అంబదాస్ అన్న ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. అక్కల్‌కోట్ రోడ్డు మీదుగా నీలం నగర్ చేరేసరికి మా మాటలు మాకే వినబడటం ఆగిపోయింది. ప్రతి ఇంటి వెనకా షెడ్డు, ప్రతి షెడ్డులోనూ కరెంటు మగ్గాలు. వాటిని వాళ్ళు సాంచాలంటారు. పెద్దమ్మ వాళ్ళవి ఆరు, తువ్వాళ్ళు నేస్తాయి. ఇంట్లో పెద్దమ్మ, ఆమె భర్త మా పెద్దబాపు, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, మనవళ్ళు, మనవరాళ్ళు, అందరూ కలిపి పందొమ్మిది మంది. షెడ్డులో నోటితో మాట్లాడితే లాభం లేదు కాబట్టి అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. మూడు వేళ్ళు చూపితే మూడో సాంచెలో దారం తెగిందని. బొటనవేలు నోటికి చూపితే చాయ్. పిడికిలి బిగించి గాలిలో పక్కకు గుంజితే మగ్గం ఆపమని.

పెద్దమ్మ గడపలో నిలబడి ఉంది. చెంబుతో నీళ్ళిచ్చి, "ఎట్లున్నవ్ రాజీ" అంది. అమ్మ కాళ్ళు కడుక్కుంటూ, "ఉన్న" అంది. అంతే. రాత్రి భోజనాల్లో భాక్రి అనే జొన్న రొట్టెలు, వేరుశనగల శేంగా చట్నీ, పండక్కి చేయగా మిగిలిన తీపి మలీద ముద్దలు. అమ్మ కోడళ్ళందరితోనూ కబుర్లు చెప్పింది. పెద్దమ్మ వడ్డించిందేదీ కాదనలేదు, కానీ ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు.

మూడో రోజు ఆ పేటలో కరెంటు ఉండని వారపు సెలవు. ఆ రోజున ఏదో ఒకచోటికి అందరూ పోవడం వాళ్ళకు అలవాటు. కొడుకులంతా దగ్గర్లోని హిప్పర్గా చెరువుకు పోదామన్నారు. పెద్దమ్మ వినలేదు. "నల్దుర్గకే పోవాలె" అంది.

"గంత దూరం ఎందుకే అమ్మా? చిన్నమ్మకు మోకాళ్ళు నొస్తయి" అన్నాడు అన్న.

"నొస్తె నేను పట్టుకుంట. నల్దుర్గకే."

బట్టల బేళ్ళు మోసే టెంపోను మాట్లాడారు. ఉదయం ఏడింటికి జంఖానాలు పరిచి ఎక్కడం మొదలుపెడితే, ఎనిమిదింటికి గానీ పూర్తి కాలేదు. పిల్లలను లెక్కపెట్టిన ప్రతిసారీ ఒకరు తక్కువయ్యేవారు. "అరే లౌకర్ ఎక్కుండ్రి, బస్ ఝాలా!" అని, త్వరగా ఎక్కండి, ఇక చాలని, అన్న మరాఠీ, తెలుగు కలిపి అరుస్తున్నాడు. పద్మ వదిన, అంటే అన్న భార్య, డబ్బాలన్నీ మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. భాక్రీలు, సర్వపిండి, చుడ్వా, ఉడకబెట్టిన పచ్చి శనక్కాయలు. టెంపో ఊరు దాటకముందే శనక్కాయల డబ్బా ఖాళీ అయింది. దారి పొడుగునా పొట్టు ఎగిరి వెనకనున్న పెద్దబాపు నెత్తిమీద పడుతుంటే, ఆయన దులుపుకోకుండా అలాగే కూర్చున్నాడు. "ఉండనీయి, ఎండ తగలదు" అన్నాడు.

తొమ్మిదిన్నరకు కోట ద్వారం. అక్కడి నుంచి కట్ట దాకా చాలా నడవాలి. చెప్పులు జారనివి వేసుకోవాలని ముందే చెబుతున్నాను, మా అమ్మ వేసుకోలేదు. కోటకూ ఎదుటి దుర్గానికీ మధ్య బోరి నది మీద పాతకాలపు రాతికట్ట ఉంది. దాని కడుపులోకి మెట్లు దిగితే గదులు, కిటికీలు. దాన్ని పానీ మహల్ అంటారు. కిటికీ ముందు నుంచే నీళ్ళు తెల్లని పరదాలా దూకుతుంటాయి. తుంపర్లకు ముఖం తడిసిపోయింది. అక్కడ పక్కవాళ్ళ చెవిలో అరిచినా వినబడదు. నేనూ అమ్మా మూగవాళ్ళలా నిలబడితే, షోలాపూర్ కుటుంబం మాత్రం హాయిగా చేతులతో ముచ్చట్లు పెట్టుకుంది. ఒక మరదలు నన్ను చూసి ఏదో సైగ చేస్తే మిగతా వాళ్ళంతా పడి పడి నవ్వారు. అదేమిటో వాళ్ళు ఇప్పటికీ నాకు చెప్పలేదు.

పదకొండింటికి సగం మందిమి కట్ట దిగువకు పోయాం. నది అక్కడ వెడల్పుగా, బండల మధ్య పాయలుగా పారుతోంది. పిల్లలు నీళ్ళలో చేపపిల్లలు పడుతున్నారు. అమ్మ కాస్త లోపలికి వెళ్ళి, ఒక బండ మీద కూర్చుని, నొప్పి కాళ్ళను చల్లటి నీళ్ళలో పెట్టుకుంది. ఆమె వీపు మావైపు. పెద్దమ్మ ఒడ్డున ఒక్కతే కూర్చుని ఆ వీపునే చూస్తోంది. నేను సీతాఫలాల కోసం పక్కనున్న గుట్ట ఎక్కాను.

గుట్ట మీంచి చూస్తే కట్ట పైన పెద్దబాపు కనిపించాడు. చేతులు ఊపుతున్నాడు. అన్నానికి పిలుస్తున్నాడనుకున్నాను. నేనూ చెయ్యి ఊపాను. ఆయన ఇంకా గట్టిగా, పిడికిలి బిగించి గాలిలో పక్కకు గుంజుతున్నాడు. ఆ వెంటనే రెండు అరచేతులూ పైకి లేపుతున్నాడు. మళ్ళీ పిడికిలి, మళ్ళీ అరచేతులు. నేను నవ్వుతూ ఒక సీతాఫలం ఎత్తి చూపించాను. ఆ సంగతి తలచుకుంటే నాకు ఈనాటికీ సిగ్గేస్తుంది.

కింద పద్మ వదిన అది చూసింది. చూసిన మరుక్షణం చీర కుచ్చిళ్ళు దోపి పిల్లల మధ్యకు దూకింది. ఒకరిని రెక్క పట్టి, ఇంకొకరిని జుట్టు పట్టి ఒడ్డుకు విసిరినంత పని చేసింది. అప్పుడు గానీ నేను కట్ట వైపు సరిగా చూడలేదు. తెల్లగా దూకుతున్న నీళ్ళు ఎర్రగా మారాయి. రెండు ధారలు ఒక్కటై, కొమ్మలూ చెత్తా దొర్లుకుంటూ వస్తున్నాయి. ఎగువన ఎక్కడో పెద్దవాన పడ్డట్టుంది.

"అమ్మా!" అని అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. అమ్మ వీపు కదల్లేదు.

పెద్దమ్మ అప్పటికే నీళ్ళలో ఉంది. అరవై దాటిన మనిషి, పాయలు దాటుకుంటూ, పడుతూ లేస్తూ పోయి అమ్మ భుజం పట్టి గుంజింది. అమ్మ తిరిగి చూసి, ముందు కోపంగా చెయ్యి విడిపించుకోబోయింది. తర్వాత నీళ్ళు చూసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వస్తుంటే నీళ్ళు పిక్కల నుంచి మోకాళ్ళకు, మోకాళ్ళ నుంచి నడుముకు వచ్చాయి. అంబదాస్ అన్న కట్ట మీంచి పరుగెత్తుకొచ్చి, తమ్ముళ్ళ చేతులు గొలుసుగా పట్టుకుని దిగి, ఇద్దరినీ ఒడ్డుకు లాగాడు. నేను గుట్ట దిగి చేరేసరికి అమ్మ కూర్చున్న బండ కనబడలేదు.

పద్మ వదిన పిల్లలను లెక్కపెడుతూనే ఉంది. నాలుగుసార్లు లెక్కపెట్టి, సరిపోయాక కూలబడి ఏడ్చింది. పెద్దబాపు వచ్చి ఆమె తలమీద చెయ్యి పెట్టి, "నువ్వున్నవ్ కాబట్టి బతికినం బిడ్డా" అన్నాడు.

గుట్ట పైకి చేరి, తడిబట్టలు ఎండకు పరిచి, అన్నాల డబ్బాలు విప్పేసరికి ఒంటిగంట. అమ్మ చెప్పులు రెండూ పోయాయి. పెద్దమ్మ మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. అమ్మ తన కొంగు చింపి కట్టు కడుతూ, "ఈ వయసుల నీళ్ళల్ల దుంకుతవా?" అంది. ఎనిమిదేళ్ళ తర్వాత అక్కతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే.

పెద్దమ్మ దూరంగా బస్సులు పోయే వంతెన వైపు చూపించింది. "గా పూల్ జూసినవా రాజీ? మీ ఆయన పోయిండని టెలిగ్రాం వచ్చిన దినమే బయలెల్లిన. గీడిదాంక వచ్చిన. బోరి పొంగి పూల్ మీదికెల్లి పోతున్నది, బస్సులన్ని బంద్. రెండు దినాలు గీ స్టాండులనె కూసున్న, వానల తడుసుకుంట. మూడో దినం మీ బావ వచ్చి తోలుకపోయిండు. ఇంటికి వోయినంక జరం. పదిహేను దినాలు మంచం దిగలె."

అమ్మ కట్టు ముడి మధ్యలోనే ఆగిపోయింది. "ఉత్తరం రాపియ్యొద్దా?"

"రాపిద్దామనుకున్న. పోరలతోని రాపిస్తె సాకు చెప్పినట్టుంటది. నీ ఎదురుంగ, గీ జాగ చూపెట్టి చెప్పాలనుకున్న. నువ్వు రాకపోతివి."

"నిన్ను మస్తు తిట్టుకున్న అక్కా."

"తిట్టు. నీ అక్కనే గద, ఇంకెవల్ని తిడతవ్."

అమ్మ ముఖం తిప్పుకుని, "ఎనిమిదేండ్లు కడుపుల పెట్టుకుంటదా ఎవలన్న, పిచ్చిముండ" అని గొణిగి ముడి బిగించింది. పెద్దమ్మ "అబ్బా" అంది. పెద్దబాపు భాక్రి ముక్క తుంచి చట్నీలో అద్దుకుంటూ, "ఇగ తినుండ్రే, ఎండిపోతున్నయి" అన్నాడు. నేను కోసుకొచ్చిన సీతాఫలాలు సగం కాయలే. అయినా అందరూ తిన్నారు.

తిరుగు ప్రయాణంలో టెంపోలో పిల్లలంతా నిద్రపోయారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే తడి జంఖానా కప్పుకుని, చిన్నప్పుడు తమ ఊళ్ళో ఎవరి మేక ఎవరి చేలో పడిందో వాదించుకుంటూ కూర్చున్నారు. రెండు రోజుల తర్వాత ఆశ్వయుజ పున్నమి, అక్కడివాళ్ళ కోజాగిరి. చంద్రుడు పైకి రాగానే మేడ మీద యాలకులు, బాదం వేసిన పాలు కాచారు. అప్పటికి ఆ మేకల తగాదా ఇంకా తేలలేదు.

మర్నాడు నా తిరుగు ప్రయాణం. ఉదయం పదింటికి షోలాపూర్ స్టేషన్ నుంచి సికింద్రాబాద్ రైలు. పెట్టె నిండా తువ్వాళ్ళు, చట్నీ పొడి, కరకరలాడే కడక్ భాక్రీలు. షోలాపూర్ చూడటానికి వెళ్ళేవాళ్ళకు కోట, చెరువు, సిద్ధేశ్వరుడి గుడి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేదొక్కటే. వారపు సెలవు రోజున నీలం నగర్ వీధుల్లో ఒకసారి నడవండి. మోత ఆగిన ఆ ఒక్క రోజున ప్రతి ఇంటి ముందూ ఒక బండి నిలబడి ఉంటుంది, దానిలోకి ఒక పెద్ద కుటుంబం డబ్బాలతో సహా ఎక్కుతూ ఉంటుంది. కాస్త చనువు చూపితే మిమ్మల్నీ ఎక్కించుకుంటారు.

గుల్బర్గా దాటాక టికెట్ కలెక్టర్ వచ్చాడు. నా చేతిలోని రెండు టికెట్లు, పక్కనున్న ఖాళీ సీటు చూశాడు.

"ఇంకొకటి ఎవరిదమ్మా?"

"మా అమ్మది. ఆమె రాలేదు. దీపావళి దాకా అక్కడే ఉంటుందట."

"ఏం, ఒంట్లో బాగా లేదా?"

"బాగుందండీ," అన్నాను. "అందుకే రాలేదు."